గల్ఫ్‌లో కల్లివెల్లి అయినవారికి ఆమ్నెస్టీ మార్గదర్శి: కాగితాలు వెతకడం నుంచి కొత్త పాస్‌పోర్టు దాకా

"మావాడు దుబాయ్‌లో కంపెనీ వదిలేసి నాలుగేళ్లయింది, ఆమ్నెస్టీ పడితే ఏం చేయాలి?" జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచీ, ఇటు కడప, కోనసీమ నుంచీ కుటుంబాలు అడిగే ప్రశ్న ఇది. కంపెనీ వదిలేసో, వీసా గడువు దాటో సరైన కాగితాల్లేకుండా ఉండిపోయినవారిని గల్ఫ్‌లో కల్లివెల్లి అంటారు. అలాంటివారు వెళ్లిపోవడానికో, వీసా సరిచేసుకోవడానికో అక్కడి ప్రభుత్వం కొంతకాలం ఇచ్చే క్షమాభిక్షే ఆమ్నెస్టీ. జవాబు ఒక్క ముక్కలో చెప్పేది కాదు కాబట్టి వరసగా రాస్తున్నాం.

ఇందులో నమూనాగా తీసుకున్నది 2024లో యూఏఈ ఇచ్చిన ఆమ్నెస్టీ. సెప్టెంబరు 1న రెండు నెలలకని మొదలై, చివర్లో పొడిగించడంతో డిసెంబరు 31 దాకా సాగింది. ఆ గడువు ముగిసింది. అయినా తర్వాత ఏ గల్ఫ్ దేశం ప్రకటించినా పని నడిచే తీరు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. తేదీలు, రుసుములు, అర్హతలు మాత్రం అప్పటి ప్రకటన చూసి సరిచూసుకోవాలి.

మొదటే ఒక మాట. ఆమ్నెస్టీ తప్పిపోయేది ఎక్కువగా కౌంటర్ దగ్గర కాదు, కాగితాల దగ్గర. ప్రకటన వచ్చాక పాస్‌పోర్టు కాపీ కోసం వెతకడం మొదలుపెట్టేవారికి రెండు నెలలు ఇట్టే కరిగిపోతాయి. అందుకే 1 నుంచి 4 దాకా ఉన్న పనులను ప్రకటన కోసం ఆగకుండా ఇప్పుడే చేయండి.

## 1. మీరు ఏ కోవలోకి వస్తారో తేల్చుకోండి

2024లో యూఏఈ అవకాశం ఇచ్చింది వీరికి:

- విజిట్ లేదా టూరిస్ట్ వీసా మీద వచ్చి గడువు దాటి ఉండిపోయినవారు
- రెసిడెన్సీ వీసా ముగిసిపోయినా, రద్దయినా దేశం వదలనివారు
- కంపెనీ లేదా ఇంటి యజమాని పరారీ కేసు పెట్టినవారు
- అక్కడే పుట్టి, ఏ కాగితమూ చేయించని పిల్లలు

అవకాశం లేనిది వీరికి:

- వీసా లేకుండా సరిహద్దు దాటి దేశంలోకి వచ్చినవారు
- దేశబహిష్కరణ ఉత్తర్వు ఉన్నవారు
- సెప్టెంబరు 1 తర్వాత వీసా గడువు దాటినవారు, ఆ తర్వాత పరారీ కేసు పడినవారు

చివరి కోవ దగ్గర చాలామంది మునుగుతారు. ఆమ్నెస్టీ వస్తోందని వినగానే, సక్రమంగా ఉన్న వీసా వదిలేసి కంపెనీ నుంచి బయటపడితే ఫ్రీగా ఇంటికెళ్లొచ్చని క్యాంపుల్లో చెప్పుకుంటారు. అది తప్పు. కటాఫ్ తేదీ తర్వాత పారిపోయినవారికి మాఫీ వర్తించదు, పైగా కొత్తగా పరారీ కేసు మెడకు చుట్టుకుంటుంది. వీసా నడుస్తూ ఉంటే కంపెనీతో రద్దు చేయించుకుని వెళ్లడమే దారి.

దొంగదారిన వచ్చినవారు నేరుగా ఇమ్మిగ్రేషన్ కౌంటర్‌కు వెళ్లకండి. ముందు భారత కాన్సులేట్‌లో మాట్లాడండి. 2018 ఆమ్నెస్టీలో ఇలాంటివారిని రెండేళ్ల నిషేధంతో పంపారు, 2024లో పథకానికే బయట ఉంచారు. అంటే ప్రతిసారీ నియమం మారుతుందన్నమాట.

## 2. ఏది మాఫీ అవుతుంది, ఏది కాదు

యూఏఈలో గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హమ్‌ల జరిమానా. ఏడాదికి 18,250 దిర్హమ్‌లు. దిర్హమ్‌కు 23 రూపాయల చొప్పున వేసుకున్నా సుమారు 4.2 లక్షలు. మూడేళ్లయితే 54,750 దిర్హమ్‌లు. హెల్పర్ జీతంతో ఇది తీర్చే బాకీ కాదు, అందుకే ఆమ్నెస్టీ కోసం ఎదురుచూస్తారు.

2024లో మాఫీ అయినవి: ఓవర్‌స్టే జరిమానా, వర్క్ పర్మిట్, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) ఆలస్యపు జరిమానాలు, దేశం విడిచేందుకు కట్టే రుసుము. పరారీ కేసు కూడా ఎత్తేశారు. వెళ్లిపోయినవారికి మళ్లీ రాకుండా నిషేధం వేయలేదు.

మాఫీ కానివి ఇవి:

- బ్యాంకు అప్పు, క్రెడిట్ కార్డు బాకీ
- చెల్లని చెక్కు కేసు
- ఇంటి అద్దె, టెలిఫోన్ కంపెనీ బాకీ మీద కోర్టుకెక్కిన వ్యవహారం
- పోలీసు కేసు, కోర్టు వేసిన ప్రయాణ నిషేధం
- కొత్త వీసాకయ్యే మామూలు ఖర్చులు

వీసా బాకీ వేరు, డబ్బు బాకీ వేరు. ఎగ్జిట్ పర్మిట్ (దేశం వదిలేందుకు ఇచ్చే అనుమతి) చేతిలో పెట్టుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లాక, పాత క్రెడిట్ కార్డు కేసు బయటపడి ఆగిపోయేవారు ఉంటారు. కేసు ఉందో లేదో ముందే చూసుకోవచ్చు. దుబాయ్ పోలీస్ యాప్‌లో ఎమిరేట్స్ ఐడీ నంబరుతో ఆర్థిక కేసుల స్థితి తెలుస్తుంది. అబుదాబిలో జ్యుడీషియల్ డిపార్ట్‌మెంట్ వారి 'ఎస్తఫ్‌సెర్' సేవలో యూనిఫైడ్ నంబరుతో (వీసా కాగితం మీద ఉండే, మనిషిని గుర్తించే అంకె) చూడొచ్చు.

ఒక ఎమిరేట్‌లో ఏమీ కనపడనంత మాత్రాన మరోచోట లేదని కాదు. షార్జాలో గది అద్దెకు తీసుకుని ఉంటే షార్జాలోనూ అడగండి.

కేసు ఉంటే ఆమ్నెస్టీ మొదటి వారంలోనే బ్యాంకుతో సెటిల్‌మెంట్ మాట్లాడండి. అసలులో కొంత కట్టించుకుని ముగించడానికి బ్యాంకులు ఒప్పుకునే సందర్భాలుంటాయి. క్లియరెన్స్ లెటర్ రాతపూర్వకంగా తీసుకోండి. కేసు వెనక్కి తీసుకున్నాక కూడా నిషేధం కంప్యూటర్‌లోంచి పోవడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ రోజులూ లెక్కలో ఉంచుకోండి.

## 3. ఉంటారా, వెళ్తారా? ముందే తేల్చుకోండి

ఈ నిర్ణయం మీదే ఏ కాగితం చేయించుకోవాలన్నది ఆధారపడి ఉంటుంది.

వెళ్లిపోయేవారికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ చాలు. అది ఇండియాకు ఒక్కసారి, ఒకవైపు ప్రయాణానికే పనికొస్తుంది. ఉండిపోయేవారికి పాస్‌పోర్టే కావాలి, ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద వీసా వేయరు. ఇది తెలియక ముందు సర్టిఫికెట్ తీసుకుని, తర్వాత ఉద్యోగం దొరికి, మళ్లీ పాస్‌పోర్టుకు పెట్టుకుని వారాలు పోగొట్టుకుంటారు.

ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌నూ, ఎగ్జిట్ పర్మిట్‌నూ మనవాళ్లు కలిపి 'ఔట్‌పాస్' అని పిలుస్తారు. కౌంటర్‌లో మాత్రం విడిగా అడగాలి. ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేది భారత ఎంబసీ లేదా కాన్సులేట్. ఎగ్జిట్ పర్మిట్ ఇచ్చేది యూఏఈ ఇమ్మిగ్రేషన్. పాస్‌పోర్టు లేనివారికి రెండూ ఉంటేనే విమానం.

ఉండాలనుకుంటే ముందు ఈ మూడు సరిచూసుకోండి:

- రాతపూర్వకమైన ఆఫర్ ఇచ్చే కంపెనీ ఉందా? "ఆమ్నెస్టీలో వీసా వేయిస్తా" అనే మనిషి కాదు, లైసెన్సు ఉన్న కంపెనీ.
- మెడికల్ పాసవుతారా? రక్త పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే ఉంటాయి. పాత టీబీ ఉంటే ముందు ప్రైవేటుగా ఎక్స్‌రే తీయించి చూసుకోండి.
- పాస్‌పోర్టు చేతికొచ్చే సమయం గడువులో సరిపోతుందా?

మూడింటిలో ఏది కుదరకపోయినా వెళ్లిపోవడమే మేలని మా అభిప్రాయం. నిషేధం లేకుండా వెళ్లి, కొత్త పాస్‌పోర్టుతో సరైన వీసా మీద తిరిగి రావడం సాధ్యమే. గడువు చివరి రోజు దాకా ఉద్యోగం కోసం తిరిగి, రెండు దారులూ మూసుకుపోవడం కంటే ఇది ఎంతో నయం.

## 4. కాగితాలు: సగం పని ఊళ్లోనే

ఇక్కడ ఎక్కువసేపు ఆగుదాం.

కావలసిన మొదటి వస్తువు పాస్‌పోర్టు కాపీ, అది లేకపోతే కనీసం నంబరు. నంబరు ఉంటే మీరు ఎవరో కాన్సులేట్ తన రికార్డుల్లో చూసుకోగలదు. లేకపోతే వివరాలు ఇండియాకు పంపి నిర్ధారించుకోవాలి, అక్కడే వారాలు గడుస్తాయి.

ఇంట్లో కాపీ లేదంటే వెతకాల్సిన చోట్లు:

1. ఊళ్లోని బ్యాంకు. ఎన్ఆర్ఈ (ప్రవాసుల) ఖాతా తెరిచి ఉంటే పాస్‌పోర్టు కాపీ ఆ ఫైల్లో ఉంటుంది.
2. పంపిన ఏజెంటు. వీసా కాపీ, పాస్‌పోర్టు కాపీ రెండూ అతని దగ్గర ఉండే అవకాశముంది.
3. ప్రవాసీ భారతీయ బీమా కాగితం. ఈసీఆర్ (ఉద్యోగానికి వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావలసిన) పాస్‌పోర్టు మీద ఉద్యోగానికి వెళ్లినవారికి ఈ పాలసీ తప్పనిసరి, అందులో పాస్‌పోర్టు నంబరు ఉంటుంది.
4. పాత విమాన టికెట్, టికెట్ తీసిన ట్రావెల్స్ వారి మెయిల్.
5. పాత ఫోన్ల వాట్సాప్ ఫోటోలు. ఇదేమంత పెద్ద చిట్కా కాదు కానీ, చాలా కాపీలు ఇక్కడే దొరుకుతాయి.

రెండో వస్తువు వీసా ఫైల్ నంబరు. వీసా కాగితం మీద 201/2018/ అంటూ మొదలయ్యే పొడుగాటి అంకె అదే. మొదటి మూడంకెలు వీసా ఏ ఎమిరేట్‌లో పుట్టిందో చెబుతాయి: 101 అబుదాబి, 201 దుబాయ్, 301 షార్జా. మీరు ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారన్నది కాదు, వీసా ఎక్కడిదన్నదే ముఖ్యం. దుబాయ్‌లోని సోనాపూర్ క్యాంపులో పడుకుంటున్నా, వీసా షార్జాదైతే దుబాయ్ వీసా సేవలు చూసే ఆమెర్ సెంటర్‌లో మీ పని జరగదు. ఆ పక్కనే యూనిఫైడ్ నంబరు కూడా ఉంటుంది, రెండూ రాసిపెట్టుకోండి.

ఫైల్ స్థితిని ఐసీపీ (యూఏఈ కేంద్ర ఇమ్మిగ్రేషన్ సంస్థ) వెబ్‌సైటులో 'ఫైల్ వాలిడిటీ' దగ్గర పాస్‌పోర్టు వివరాలు కొట్టి చూడొచ్చు. దుబాయ్ వీసాలకు జీడీఆర్ఎఫ్ఏ (దుబాయ్ ఇమ్మిగ్రేషన్) వారి సైటు.

మూడోది, ఒరిజినల్ పాస్‌పోర్టు ఎక్కడుంది? కంపెనీ దగ్గరే ఉండిపోయిందని చాలామంది వదిలేస్తారు. పరారీ కేసు పెట్టేటప్పుడు కంపెనీ ఆ పాస్‌పోర్టును ఇమ్మిగ్రేషన్‌లో జమచేసి ఉండొచ్చు. పోయిందని పోలీసు రిపోర్టు రాయించే ముందు ఇమ్మిగ్రేషన్‌లో అడగండి. అక్కడుంటే కొత్తది చేయించే పనే తప్పుతుంది.

ఏ రుజువూ దొరకకపోతే ఊరి నుంచి ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, పదో తరగతి సర్టిఫికెట్ స్కాన్ చేసి పంపండి. ఫోటో వంకరగా, నీడ పడి ఉంటే తిప్పి పంపుతారు, మీసేవలో స్కాన్ చేయించండి. ఊళ్లో పోలీసు విచారణకు వస్తే ఇంట్లోవాళ్లు "ఆయన దుబాయ్‌లోనే ఉన్నాడు, మావాడే" అని స్పష్టంగా చెప్పాలి. భయపడి "మాకు తెలీదు" అన్న ఇళ్ల ఫైళ్లు ఆగిపోతాయి.

పేరు అక్షరాల విషయం. పాస్‌పోర్టులో 'వెంకటరమణ' ఒకే మాటగా, ఆధార్‌లో రెండు మాటలుగా ఉంటే దరఖాస్తులో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయండి. ఆమ్నెస్టీ సమయంలో పేరు సరిదిద్దే పని పెట్టుకోవద్దు, ఆలస్యమవుతుంది. ఆ పని ఇంటికొచ్చాక.

ఫైల్లో ఉండాల్సినవి:

- పాస్‌పోర్టు కాపీ, మొదటి చివరి పేజీలు
- వీసా కాపీ, ఫైల్ నంబరు, యూనిఫైడ్ నంబరు
- ఎమిరేట్స్ ఐడీ ఉంటే దాని రెండువైపుల కాపీ
- తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో పాస్‌పోర్టు సైజు ఫోటోలు, ఆరైనా
- ఆధార్, మరో రుజువు
- పనిచేసే యూఏఈ నంబరు, తెరవగలిగే ఈమెయిల్

ఈమెయిల్ మీదే పెట్టండి. టైపింగ్ సెంటర్‌లో (దరఖాస్తులు నింపిపెట్టే చోటు) కుర్రాడి మెయిల్ ఇచ్చి, పర్మిట్ వచ్చిందో లేదో తెలియక అతని చుట్టూ తిరగడం మామూలైపోయింది.

## 5. వెళ్లిపోయేవారి వరస

మొదట ఎమర్జెన్సీ సర్టిఫికెట్. పాస్‌పోర్టు చెల్లుబాటులో ఉంటే ఇది అక్కర్లేదు. దుబాయ్, షార్జా, అజ్మాన్, ఉమ్ అల్ క్వైన్, రస్ అల్ ఖైమా, ఫుజైరాల్లో ఉన్నవారు దుబాయ్ కాన్సులేట్‌లో, అబుదాబి, అల్ ఐన్ వాళ్లు అబుదాబి ఎంబసీలో చేయించుకోవాలి. 2024లో దీన్ని ఉచితంగా ఇచ్చారు. టోకెన్ కోసం, ఫారం కోసం బయట ఎవరు డబ్బడిగినా ఇవ్వకండి. అనుమానం వస్తే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉచిత నంబరు 800 46342కు ఫోన్ చేసి అడగండి.

తర్వాత ఎగ్జిట్ పర్మిట్ దరఖాస్తు. దుబాయ్ వీసాలకు ఆమెర్ సెంటర్లు, మిగతావాటికి ఐసీపీ ఆన్‌లైన్ లేదా టైపింగ్ సెంటర్లు. టైపింగ్ రుసుము తప్ప జరిమానా పేరుతో ఏదీ కట్టక్కర్లేదు. తెరమీద జరిమానా మొత్తం కనిపిస్తే కట్టేయకండి, సేవ ఎంపిక తప్పై ఉండొచ్చు.

వేలిముద్రలు. గతంలో ఎమిరేట్స్ ఐడీ చేయించుకున్నవారివి రికార్డులో ఉంటాయి, పర్మిట్ నేరుగా వస్తుంది. విజిట్ వీసా మీద వచ్చినవారికి ముద్రలు ఉండవు కాబట్టి సెంటర్‌కు వెళ్లాలి. 2024లో దుబాయ్‌కి అల్ అవీర్, అబుదాబి ఎమిరేట్‌కు అల్ ధఫ్రా, స్వేహాన్, అల్ మఖామ్, అల్ షహామా కేంద్రాలు పెట్టారు. సిమెంటు పనితో వేళ్ల గీతలు అరిగిపోయినవారికి మిషన్ పట్టదు. ముందు రాత్రి చేతులకు నూనె రాసుకుని, పొద్దున శుభ్రంగా కడుక్కుని వెళ్లండి.

పర్మిట్ వచ్చాకే టికెట్. ముందే కొన్న టికెట్ డబ్బులు చాలావరకు పోయినట్టే. మొదట పర్మిట్‌కు 14 రోజుల గడువు ఇచ్చి, తర్వాత ఆమ్నెస్టీ ముగిసేదాకా పెంచారు. మీ పర్మిట్ మీద ఏ తేదీ ఉందో అదే చూడండి. ఆ తేదీ దాటితే పర్మిట్ రద్దై జరిమానా మొత్తం తిరిగి మీద పడుతుంది.

నేరుగా వెళ్లే విమానం తీసుకోండి. ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌తో మస్కట్ మీదుగానో, బహ్రెయిన్ మీదుగానో చౌక టికెట్ కొంటే బోర్డింగ్ దగ్గరే ఆపేయొచ్చు. హైదరాబాద్‌కు నేరుగా దొరక్కపోతే ఇండియాలోని ఏదో ఒక నగరానికి నేరుగా వెళ్లి అక్కడి నుంచి రైలెక్కండి.

ఎయిర్‌పోర్టులో. పర్మిట్ ప్రింటు రెండు కాపీలు. విమానానికి నాలుగైదు గంటల ముందే చేరండి. అవసరం లేని మాటలు వద్దు, అడిగినదానికే జవాబు చెప్పండి.

టికెట్‌కు నిజంగా డబ్బుల్లేనివారికి కాన్సులేట్‌లోని భారతీయ సమాజ సంక్షేమ నిధి నుంచి సాయం అడగొచ్చు. పరిస్థితి చూసి ఇస్తారు, అందరికీ ఇవ్వరు.

## 6. ఉండిపోయేవారి వరస

పాస్‌పోర్టు లేకపోతే భారత ఎంబసీ తరఫున దరఖాస్తులు తీసుకునే సెంటర్‌లో (2024లో అది బీఎల్ఎస్) దరఖాస్తు చేయాలి. 2024లో ఆమ్నెస్టీవారికి తక్కువ కాలం చెల్లే పాస్‌పోర్టులు ఇచ్చారు. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలు మిగిలి ఉండాలన్న నియమాన్ని కూడా మధ్యలో నెలకు తగ్గించారు. ఇలాంటి సడలింపులు నడుస్తుండగానే వస్తాయి కాబట్టి మొదటి వారంలో కాదన్నారని ఊరుకోకండి, మళ్లీ అడగండి.

ఆ తర్వాత:

1. కంపెనీ ఇచ్చే ఆఫర్ లెటర్ మీద సంతకం. ఇది కార్మిక శాఖ నమూనాలో, సీరియల్ నంబరుతో ఉండాలి. తెల్లకాగితం మీద టైపు చేసింది చెల్లదు.
2. వర్క్ పర్మిట్ మంజూరు.
3. దేశంలో ఉండగానే స్టేటస్ మార్పు, అంటే పాత వీసా నుంచి కొత్తదానికి మారడం. ఆమ్నెస్టీ మాఫీ పనిచేసేది ఇక్కడే. ఈ మెట్టు దగ్గర పాత జరిమానాలు సున్నా అయ్యాయో లేదో అడగండి.
4. మెడికల్.
5. ఎమిరేట్స్ ఐడీ వేలిముద్రలు.
6. ఆరోగ్య బీమా, రెసిడెన్సీ వీసా.

ఆఫర్ లెటర్‌లో బేసిక్ జీతం అంకె విడిగా చూడండి. మొత్తం 1,200 అని చెప్పి బేసిక్ 500 వేస్తే రేపు గ్రాట్యుటీ ఆ 500 మీదే కడతారు.

ఖర్చు ఎవరిది? 2021 కార్మిక చట్టం ప్రకారం నియామక ఖర్చులు కార్మికుడి దగ్గర వసూలు చేయకూడదు. ఐదారు వేల దిర్హమ్‌లు ఇస్తే వీసా కొట్టిస్తానని, పని ఎక్కడైనా చేసుకోమని చెప్పేవాళ్లు అమ్మేది ఆజాద్ వీసాయే. ఒకరి పేరు మీద వీసా, మరొకరి దగ్గర పని. మీరు కల్లివెల్లి అయ్యింది బహుశా అలాగే. ఆమ్నెస్టీలో కొత్తగా అదే కొనుక్కుంటే ఏడాదిలో మళ్లీ మొదటికే వస్తారు.

ఎగ్జిట్ పర్మిట్ తీసుకున్నాక ఉద్యోగం దొరికినా 2024లో స్టేటస్ మార్చుకోనిచ్చారు. పర్మిట్ గడువు ముగియకముందే అడగాలి.

## 7. రావాల్సిన జీతం సంగతి

ఆమ్నెస్టీ తొందరలో బాకీ జీతం వదిలేసి వచ్చేవారే ఎక్కువ. వెళ్లేలోపు ఈ పని చేయండి.

కార్మిక శాఖలో ఫిర్యాదు పెట్టొచ్చు, ఉచిత నంబరు 800 84. ఉద్యోగం వదిలేసి చాలా ఏళ్లయితే కాలపరిమితి దాటిపోయి ఉండొచ్చు, ముందు అది కనుక్కోండి. గ్రాట్యుటీ అంచనా మీరే వేసుకోవచ్చు: మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. బేసిక్ 800 ఉండి నాలుగేళ్లు పనిచేస్తే, ఏడాదికి 560 చొప్పున 2,240 దిర్హమ్‌లు. పరారీ కేసు ఉంటే కంపెనీ దాన్ని అడ్డం పెడుతుంది, కాబట్టి జీతం పడే కార్డు స్టేట్‌మెంటు, డ్యూటీ షీట్ల ఫోటోలు, సూపర్‌వైజర్‌తో మెసేజులు దాచుకోండి.

కేసు తేలేలోపు గడువు ముగుస్తుంటే కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ రాయించి నమ్మకమైనవారికి ఇచ్చి వెళ్లండి. ఇంటికొచ్చాక ఆ పని చాలా కష్టమవుతుంది.

## 8. కాగితాల్లేని పిల్లలు

తల్లిదండ్రులిద్దరూ కల్లివెల్లిగా ఉండగా పుట్టిన బిడ్డకు ఆసుపత్రి చీటీ తప్ప ఏదీ ఉండదు. వరస ఇది: ఆసుపత్రి రికార్డుతో యూఏఈ జనన ధృవపత్రం, తర్వాత కాన్సులేట్‌లో జనన నమోదు, తర్వాత బిడ్డ పేరున పాస్‌పోర్టు లేదా ఎమర్జెన్సీ సర్టిఫికెట్, చివరికి ఎగ్జిట్ పర్మిట్. జనన ధృవపత్రానికి పెళ్లి సర్టిఫికెట్ అడుగుతారు. ఊళ్లో పెళ్లి రిజిస్టర్ చేయించకపోతే అదే పెద్ద అడ్డంకి.

విదేశంలో పుట్టిన బిడ్డను ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో నమోదు చేయాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి, దానికి వేరే సమయం పడుతుంది. పిల్లలున్న కుటుంబాలు ఆమ్నెస్టీ మొదటి రోజే కాన్సులేట్ మెట్లెక్కాలని చెప్పేది అందుకే. పెద్దవాళ్ల పని వారంలో అయినా పిల్లల పని కాదు.

## 9. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణ

చివరి వారం దాకా ఆగడం. పొడిగిస్తారులే అని కూర్చుంటారు. 2024లో పొడిగించారు కాబట్టి ఈసారీ పొడిగిస్తారన్న హామీ ఏదీ లేదు. ప్రకటన వచ్చిన పది రోజుల్లో దరఖాస్తు పడిపోవాలని పెట్టుకోండి.

ఏజెంటుకు పాస్‌పోర్టు కాపీ, ఫోటోలు ఇచ్చి వదిలేయడం. మీ పేరున ఏ దరఖాస్తు పడిందో మీకు తెలియదు. దరఖాస్తు నంబరు మీ ఫోన్‌కు రాకపోతే పని జరగనట్టే లెక్క.

ఫైల్ దొరకట్లేదని టైపింగ్ సెంటర్ తిప్పి పంపడం. తరచూ కారణం పాత పాస్‌పోర్టు నంబరు. మీ వీసా పాత నంబరు మీద ఉంది, మీరు కొత్తది చెబుతున్నారు. రెండూ చెప్పండి. అయినా రాకపోతే యూనిఫైడ్ నంబరుతో వెతికించండి.

పరారీ కేసు తీసేయమని కంపెనీని బతిమాలి డబ్బివ్వడం. ఆమ్నెస్టీలో అది ఇమ్మిగ్రేషనే ఎత్తేస్తుంటే కంపెనీకి ఇవ్వాల్సిన పనిలేదు.

టిక్‌టాక్ మాటలు నమ్మడం. కువైట్ నిబంధనను దుబాయ్‌కీ, దుబాయ్‌ది సౌదీకీ కలిపి చెప్పేవారు చాలామంది. కాన్సులేట్ పేజీలో వచ్చిన ప్రకటన తప్ప దేన్నీ లెక్కలోకి తీసుకోకండి.

## 10. కువైట్, సౌదీలో తేడాలు

కువైట్ 2024 మార్చి 17 నుంచి జూన్ 17 దాకా ఇచ్చి, జూన్ 30 వరకు పొడిగించింది. అక్కడ వెళ్లిపోయేవారికి జరిమానా లేదు, తిరిగి రావచ్చు. ఉండిపోయేవారు మాత్రం జరిమానా కట్టి అకామా (నివాస అనుమతి) సరిచేసుకోవాలి. యూఏఈతో పెద్ద తేడా ఇదే. కడప, గోదావరి జిల్లాల నుంచి ఖాదిమ్ (ఇంటిపని) వీసా, అంటే 20వ నంబర్ వీసా మీద వెళ్లిన ఆడవాళ్లు కొత్త కఫీల్ (స్పాన్సర్) దొరికాడని సంబరపడే ముందు, అతను ఇచ్చేది 20 వీసాయా, 18 (కంపెనీ పని) వీసాయా అడగాలి. ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్పు మామూలుగా కుదరదు, ప్రత్యేకంగా అనుమతించినప్పుడే.

సౌదీలో పరారీ నమోదును హురూబ్ అంటారు. 2017 మార్చి 29న మొదలైన ఆమ్నెస్టీ వెళ్లిపోవడానికే, సరిచేసుకోవడానికి కాదు. అక్కడ పాస్‌పోర్టు చేతిలో ఉన్నా ఖురూజ్, అంటే ఎగ్జిట్ వీసా పడకపోతే కదలలేరు. ముందు అది, తర్వాతే టికెట్.

## 11. ఇంటికొచ్చాక

విమానం ఎక్కేముందే ఎమర్జెన్సీ సర్టిఫికెట్, ఎగ్జిట్ పర్మిట్ రెండింటికీ ఫోటో తీసి ఇంటికి పంపండి. ఇండియాలో దిగగానే ఇమ్మిగ్రేషన్‌వాళ్లు సర్టిఫికెట్ తీసేసుకోవచ్చు. తర్వాత పాస్‌పోర్టు దరఖాస్తులో "ఎప్పుడైనా ఎమర్జెన్సీ సర్టిఫికెట్ మీద తిరిగొచ్చారా?" అనే ప్రశ్న ఉంటుంది. అవును అని పెట్టి, సర్టిఫికెట్ నంబరు, ఇచ్చిన తేదీ, ఇచ్చిన కార్యాలయం, కారణం రాయాలి. కాపీ లేక "కాదు" అని పెడితే పోలీసు వెరిఫికేషన్‌లో దొరికిపోతారు, వివరాలు దాచినందుకు జరిమానా పడుతుంది.

పాత పాస్‌పోర్టు పోయి ఉంటే పోలీసు రిపోర్టు, అనుబంధం ఎఫ్ అఫిడవిట్ కావాలి.

ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులు మనవాళ్లలో ఎక్కువ. 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టు మీద యూఏఈ విజిట్ వీసాతో వెళ్లడం ఇబ్బందైంది. కొత్తది చేయించేటప్పుడే ఇంటిపేరు వేరుగా రాయించండి. ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా కూడా అదే పేరుకు సరిపోవాలి.

మళ్లీ వెళ్లాలనుకుంటే ఈసారి కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదైన ఏజెన్సీ ద్వారానే. ఏజెన్సీ తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే రసీదు అడగండి. పైన చెప్పిన ప్రవాసీ భారతీయ బీమాకు (పది లక్షల ప్రమాద బీమా) ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ఫిర్యాదుకు భారత విదేశాంగ శాఖ మదద్ పోర్టల్, లేదా ఉచిత ఫోన్ 1800 11 3090. తెలంగాణవాళ్లకు హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి కౌంటర్ ఉంది, ఆంధ్రప్రదేశ్‌వాళ్లకు ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ. వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, వీసా, బీమా కాపీలు ఒక సెట్ ఇంట్లో, ఒక సెట్ మెయిల్‌లో పెట్టి వెళ్లండి.